మొక్కజొన్న సైలేజ్ బేళ్లు: సరుకు మంచిదే, కరపత్రంలోని సలహా మంచిది కాదు

పలమనేరు ప్రాంతంలో సంకరజాతి ఆవులను మేపే మావంటి చిన్న రైతులకు, వేసవిలో పచ్చిమేత కరువైనప్పుడు, ప్లాస్టిక్ చుట్టి అమ్మే మొక్కజొన్న సైలేజ్ (గాలి తగలకుండా పులియబెట్టి నిల్వచేసిన పచ్చిమేత) బేళ్లు నిజంగా అక్కరకు వస్తాయి. మేము కొన్న బేలు విప్పగానే కమ్మని పులుపు వాసన వచ్చింది. రంగు పసుపు కలిసిన ఆకుపచ్చ. పిడికిట బిగించి పిండితే చేయి చెమ్మగిల్లిందే తప్ప నీరు కారలేదు కాబట్టి, పైరును సరైన దశలోనే కోశారని చెప్పగలను. ప్లాస్టిక్‌కు చిల్లు పడిన మూలన మాత్రం కొంత బూజు ఉంది. దాన్ని తీసి పారేశాము.

నా అభ్యంతరమంతా ముక్కల పొడవు మీద, బేలుతో ఇచ్చిన కరపత్రం మీద. ముక్కలు ఒకటి రెండు సెంటీమీటర్లు ఉండవలసింది, చాలావరకు అర సెంటీమీటరు కూడా లేవు. పైగా ఇది మేపితే ఎండుమేత అక్కర్లేదని కరపత్రంలో రాశారు. ఇది ఆవు పొట్టకు చేటు చేసే సలహా. పొడవైన పీచు తిన్నప్పుడే ఆవు ఎక్కువసేపు నెమరు వేస్తుంది. ఆ నెమరుతో ఊరే లాలాజలంలోని బైకార్బొనేటే పెద్దపొట్టలో ఆమ్లాన్ని అదుపు చేస్తుంది. అక్కడ పీహెచ్ (ఆమ్లతను చూపే కొలత, ఇది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువైనట్టు) 6 కంటే దిగితే పీచును జీర్ణం చేసే సూక్ష్మజీవులు మందగిస్తాయి, పాలవెన్నకు ముడిసరుకైన ఎసిటేట్ తగ్గుతుంది, దానితో పాలలో వెన్న పడిపోతుంది. పాలకేంద్రంలో మనకు ధర కట్టేది వెన్న, వెన్న కాక మిగిలిన ఘనపదార్థాలైన ఎస్‌ఎన్‌ఎఫ్‌లను చూసే కదా.

అందుకే మేము ఉదయం ముందుగా జొన్నచొప్ప వేసి, ఆ తర్వాతే సైలేజ్, దాణా పెడుతున్నాము. మొదట రోజుకు నాలుగైదు కిలోలతో మొదలుపెట్టి, రెండు మూడు వారాల్లో మెల్లగా పెంచాము. కొత్త మేతకు సూక్ష్మజీవులు అలవాటు పడేందుకు ఆ మాత్రం గడువు తప్పనిసరి. దాణాను రెండు పూటలకు బదులు నాలుగు సార్లుగా పంచాము. మధ్యాహ్నం కొట్టంలోకి వెళ్లి చూస్తే, పడుకున్న ఆవుల్లో సగానికి పైగా నెమరు వేస్తూ కనిపించాలి. మా ఆవులు అలాగే ఉన్నాయి, పేడ కూడా పలచబడలేదు.

సైలేజ్‌లో తేమ తీసేసి లెక్కగడితే మాంసకృత్తులు 7, 8 శాతమే ఉంటాయి కనుక వేరుశనగ చెక్క మానకూడదు. విప్పిన బేలును ఎండల్లో రెండు మూడు రోజుల్లో వాడేయాలి. ముక్క పొడవు పెంచి, కరపత్రంలోని ఆ వాక్యం తీసేయమని విక్రేతను కోరాను. ఆ రెండూ సరిచేస్తే వచ్చే వేసవికీ వారి దగ్గరే కొంటాను.