అసాకుసాలో దోజో నాబె: చేపలు ఇష్టమైతే తప్పకుండా వెళ్లండి

టోక్యోలో నాబె, అంటే ఎదురుగా ఉడుకుతుండగానే తినే హాట్‌పాట్, అనగానే ఎవరైనా సుకియాకీకో షాబుషాబుకో తీసుకెళ్తారు. రెండింట్లోనూ ఎక్కువగా గొడ్డుమాంసమే, అది తినని మనవాళ్లు టోఫూ, క్యాబేజీ ఏరుకుంటూ కూర్చోవాల్సి వస్తుంది. చేపలు తినేవాళ్లకి నేను చెప్పేది అసాకుసాలోని కొమకతా దోజో. 1801లో పెట్టిన హోటల్, ఇప్పటికీ దోజో అనే చిన్న చేపకే పేరు.

కింది హాల్లో కుర్చీలు లేవు. గదంతా చాపలు, నేలకి కాస్త ఎత్తులో పొడుగాటి చెక్కలు, వాటి మీద బొగ్గుల కుంపట్లు, కుంపటి మీద లోతు లేని చిన్న ఇనప పెనం. ముక్కూ మొహం తెలియని వాళ్ల పక్కన బాసింపట్టు వేసుకుని తినడం నాకు భలే నచ్చింది. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే టేబుళ్లున్న చోటు అడగండి, సెల్లార్‌లో ఉంటాయి.

దోజో అంటే వరిమళ్లలో, కాలువల్లో బురదలో బతికే వేలెడు చేప. బతికున్నవాటినే సాకేలో (బియ్యంతో చేసే మద్యం) వేసి, మత్తెక్కాక తియ్యటి మీసో (పులియబెట్టిన సోయా ముద్ద) పులుసులో మెత్తగా ఉడికిస్తారు. తల, ముల్లు, తోక అన్నీ ఉంచే పెనంలో వరసగా పేర్చి తెస్తారు. మొదటిసారి చూసినవాళ్లు కొందరు వెనక్కి తగ్గుతారు గానీ, నెత్తళ్లు తలతో సహా నమిలేసే మనకి ఇదేం కొత్త కాదు, పైగా ఇక్కడ ముల్లు నోట్లో తగిలీ తగలనట్టే ఉంటుంది.

అసలు మజా ఉల్లికాడల్లో ఉంది. తరిగిన ఉల్లికాడలు చెక్కపెట్టె నిండా పక్కనే పెడతారు, చేప కనిపించనంతగా గుట్టపోయండి, మొహమాటం వద్దు. చేప ముందే ఉడికి ఉంటుంది కాబట్టి ఉల్లికాడలు వాడగానే తినేయొచ్చు. పెనంలో రసం ఇగిరిపోతుంటే పక్కనున్న పాత్రలోంచి సోయా రసం కొంచెం కొంచెం పోస్తూ ఉండాలి, లేకపోతే మాడుతుంది. రుచి కాస్త తీపివైపు ఉంటుంది, మన నోటికి కారం కావాలి కదా, షిచిమి అనే కారప్పొడి దండిగా చల్లుకోండి. జపాన్ మిరియం లాంటి సాన్షో పొడి మాత్రం చిటికెడే, నాలుక జివ్వుమంటుంది, ఆ చేపకి అంత బాగా కుదిరే మసాలా ఇంకోటి లేదనిపించింది నాకు. చేప అలాగే చూడలేకపోతే ముల్లు తీసి, గుడ్డు పోసి వండే యనగవా తెప్పించుకోండి, పిల్లలకి అదే మంచిది. అన్నం విడిగా చెప్పాలి, తప్పకుండా చెప్పండి, చివర్లో మిగిలే ఆ ఉల్లికాడల ఇగురు అన్నంలో కలుపుకోకుండా లేవకూడదు.

మెనూలో తిమింగలం మాంసం కూడా ఉంటుంది, వద్దనుకునేవాళ్లు చూసి ఆర్డర్ ఇవ్వండి. శాకాహారులని మాత్రం తీసుకెళ్లకండి, పాపం ఆకలితో కూర్చుంటారు. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషికసాయి నుంచి వచ్చేవాళ్లు తోజాయ్ లైన్‌లో నిహొంబాషి దాకా వచ్చి అసాకుసా లైన్ మారితే చాలు, అసాకుసా స్టేషన్ నుంచి కొద్ది నడకే.