సింగపూర్‌లో నాలుగు వారాలు: తిండికి ఎంత, తిరగడానికి ఎంత

ఉద్యోగ శిక్షణ కోసం సింగపూర్‌లో 28 రోజులు ఉండవలసి వచ్చినప్పుడు అమ్మను కూడా వెంట తీసుకువెళ్ళాను. గది అద్దె మా సంస్థ భరించింది. ఇద్దరి తిండి, రాకపోకల ఖర్చు మాత్రం మేమే పెట్టుకోవాలి. బయలుదేరే ముందు ఇద్దరికీ కలిపి రోజుకు తిండికి 40 సింగపూర్ డాలర్లు, రవాణాకు 10 చొప్పున మొత్తం 1,400 డాలర్లు అనుకున్నాను. చివరికి అయినది 1,634. ఆ మిగతా 234 డాలర్లు ఎక్కడికి పోయాయో తెలుసుకోవడానికి రోజూ రాసుకున్న పద్దులన్నీ మళ్ళీ తిరగేస్తే, భోజనం ధర, రైలు ఛార్జీ రెండూ కలిపి చూస్తే మా అంచనాను దాటలేదని తేలింది. దాటించినవి దాహం, అలసట. దారిలో కొన్న చల్లని పానీయాలకు 164 డాలర్లు, నడవలేక ఎక్కిన టాక్సీలకు 149 డాలర్లు అయ్యాయి. భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీల దూరంలో కూడా లేని ఊరికి వెళ్తూ, ఎండకంటూ ఒక పద్దు పెట్టుకోకపోవడమే నేను చేసిన పొరపాటు.

బస ఎక్కడ అన్నదానిమీదే తిండి ఖర్చు చాలావరకు ఆధారపడుతుంది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి. వంటగది ఉన్న ఇల్లు ఒక నెలకు అద్దెకు తీసుకుందామని చాలామంది అనుకుంటారు, నేనూ అలాగే అనుకున్నాను. అక్కడ ప్రైవేటు ఇళ్ళను మూడు నెలల కంటే తక్కువ కాలానికి అద్దెకు ఇవ్వడం చట్టవిరుద్ధం. ప్రభుత్వ గృహాల విషయంలో ఆ గడువు ఆరు నెలలు. అందువల్ల నెల రోజుల యాత్రికుడికి మిగిలేవి హోటలు, హాస్టలు, లేదా చిన్న వంటగదితో వచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్ మాత్రమే. మేము మొదటి పది రోజులు క్లార్క్ కీ ప్రాంతంలో నది ఒడ్డునున్న ఒక హోటలులోను, మిగిలిన పద్దెనిమిది రోజులు లిటిల్ ఇండియా దాటాక వచ్చే ఫారర్ పార్క్ దగ్గర ఒక సర్వీస్డ్ అపార్ట్‌మెంట్‌లోను ఉన్నాము. ఈశాన్య రైలు మార్గంలో ఈ రెండింటి మధ్య దూరం మూడు స్టేషన్లే. ఖర్చులో మాత్రం తేడా చాలా ఉంది: మొదటి బసలో ఇద్దరికీ కలిపి తిండికి రోజుకు సగటున 62 డాలర్లు అయితే, రెండవ బసలో 38 అయింది.

నది ఒడ్డు సాయంత్రాలు అందంగా ఉంటాయి, అమ్మకు ఆ దీపాలు ఎంతో నచ్చాయి. అయితే గది నుంచి బయటకు రాగానే ఎదురయ్యేవన్నీ రెస్టారెంట్లే. మొదటి రాత్రి ప్రయాణ బడలికతో దగ్గరలో కనిపించిన ఒకదానిలో కూర్చున్నాము. ధరల పట్టికలో అంకెల పక్కన రెండు ప్లస్ గుర్తులు ఉన్నాయి. వాటి అర్థం నాకు అప్పటికి తెలియదు. మొదటి ప్లస్ 10 శాతం సర్వీసు ఛార్జీ, రెండవది 2024 జనవరి నుంచి అమలులో ఉన్న 9 శాతం వస్తు సేవల పన్ను. పన్నును సర్వీసు ఛార్జీ కలిపిన మొత్తంపై వేస్తారు కనుక 20 డాలర్ల వంటకం బిల్లులో 23.98 అవుతుంది. మేము అడగకుండానే బల్లమీద పెట్టిన వేరుశెనగలకు, తడి తువ్వాళ్ళకు కూడా విడిగా లెక్క కట్టారు. వాటిని ముట్టుకోకుండా వద్దని చెబితే బిల్లులో వేయరన్న సంగతి తరువాత శిక్షణలో నా పక్కన కూర్చునే స్థానికురాలు చెప్పింది. సర్వీసు ఛార్జీ బిల్లులోనే ఉంటుంది కాబట్టి విడిగా టిప్పు ఇవ్వడం అక్కడ అలవాటు లేదు.

ఆ మరునాటి నుంచి హాకర్ సెంటర్లు వెతుక్కున్నాము. ఒకప్పుడు వీధుల్లో బండ్లమీద అమ్ముకునేవారిని ప్రభుత్వం నీటి సరఫరా, మురుగు పారుదల ఉన్న షెడ్లలోకి చేర్చగా ఏర్పడిన ఈ భోజన సముదాయాలను, వాటి చుట్టూ అల్లుకున్న సంస్కృతిని యునెస్కో 2020లో వారసత్వ జాబితాలో చేర్చింది. నాకు ఆ గుర్తింపు ఎంతో న్యాయమైనదనిపిస్తుంది. ఆఫీసు అధికారి, భవన నిర్మాణ కార్మికుడు, మావంటి పరదేశులు ఒకే బల్ల దగ్గర కూర్చుని, నాలుగైదు డాలర్లకు కడుపు నింపుకుని లేవగలిగే ఏర్పాటు అంత ఖరీదైన నగరంలో నిలిచి ఉండడం చిన్న విషయం కాదు. చికెన్ రైస్ అయినా, నూడుల్స్ అయినా నాలుగు నుంచి ఆరు డాలర్లలో వచ్చేది. రాసిన ధరే కట్టే ధర, ప్లస్‌లు ఉండవు. అదే వంటకం మాల్స్‌లోని ఏసీ ఫుడ్ కోర్టులో రెండు మూడు డాలర్లు ఎక్కువ. ఖాళీ బల్లమీద రుమాలు కాగితాల ప్యాకెట్ కనిపిస్తే ఆ చోటు ఎవరో పట్టుకున్నారని అర్థం. తిన్న తరువాత పళ్ళెం తీసుకువెళ్ళి నిర్ణీత స్థలంలో పెట్టాలి. ఇది మర్యాద మాత్రమే కాదు, 2021 నుంచి నియమం కూడా. చాలా దుకాణాలలో విదేశీ కార్డులు చెల్లవు కనుక రోజూ 20, 30 డాలర్ల నగదు, అదీ చిన్న నోట్లలో దగ్గర ఉంచుకోవాలి.

అమ్మ శాకాహారి. హాకర్ సెంటర్లు నాకు ఉన్నంత సులువుగా ఆమెకు లేవు. కూరగాయల వంటకంలా కనిపించినదానిలో కూడా ఎండురొయ్యల ముద్ద కలిసి ఉండవచ్చు. అన్నంలో మాంసం ఉడికిన నీరు ఉండవచ్చు. మొదటి పది రోజుల్లో రెండు మూడుసార్లు ఆమె పండ్లతో సరిపెట్టుకుంది, అది నన్ను బాధపెట్టింది. బౌద్ధుల శాకాహార దుకాణాలు చాలా హాకర్ సెంటర్లలో ఒకటో రెండో ఉంటాయని, అక్కడ అన్నం మీద మనం చూపించిన కూరలు వేసి నాలుగైదు డాలర్లకు ఇస్తారని ఆలస్యంగా తెలిసింది. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్ అనే హాకర్ సెంటర్ దొరికాక ఆ చింత తీరింది. అక్కడ తోసై అని రాసి ఉండే దోసె, పరోటా, పెరుగన్నం హాకర్ ధరలకే వచ్చాయి. సెరంగూన్ రోడ్డులోని శాకాహార భోజనశాలల్లో అరిటాకు భోజనం మనిషికి పది డాలర్ల చుట్టుపక్కల పడింది. ఒక జాగ్రత్త చెప్పాలి: హాకర్ సెంటర్లను శుభ్రపరచడానికి అప్పుడప్పుడు పూర్తిగా మూసివేస్తారు, కొన్ని దుకాణాలకు సోమవారం సెలవు, దూరం నుంచి వెళ్ళేవారు ముందుగా చూసుకోవడం మంచిది.

రెండవ బసకు మారిన తరువాత మా దినచర్యే మారింది. టెక్కా సెంటర్‌లోనే కూరగాయల సంత ఉంది. ముస్తఫా సెంటర్‌లో బియ్యం, పప్పు, పెరుగు ఒకేచోట దొరికేవి. పొద్దున్న ఫలహారం, రాత్రి భోజనం గదిలో, మధ్యాహ్నం బయట అని పెట్టుకున్నాము. మూడు పూటలూ వండుకుంటే ఇంకా తగ్గేది నిజమే, కానీ అంత దూరం వెళ్ళి ఆ ఊరి రుచులు ఎరుగకుండా తిరిగి రావడం నాకు సమ్మతం కాలేదు. కాయా అనే కొబ్బరిపాల జామ్ రాసిన టోస్టు, సగం ఉడికిన గుడ్లు, తీపి గడ్డపాలు (కండెన్స్‌డ్ మిల్క్) పోసిన కాఫీ కలిపి వచ్చే ఉదయపు ఫలహారం నేను వారానికి రెండుసార్లు మానలేదు. కాఫీ అడగడంలోనూ డబ్బు సంగతి ఉంది. పాతకాలపు కాఫీ దుకాణంలో కోపి, అంటే అక్కడి కాఫీ, రెండు డాలర్ల లోపే. కోపి ఓ అంటే పాలు లేనిది, కోపి సి అంటే చక్కెర లేని గడ్డపాలతో చేసినది, చక్కెర అసలు వద్దంటే చివర కొసోంగ్ అనాలి. ఆ నాలుగు మాటలు నేర్చుకోక ముందు, భాషా ఇబ్బంది ఉండదని మాల్‌లోని కాఫీ షాపుకు వెళ్ళి ఒక్కో కప్పుకు ఏడు డాలర్లు పెట్టాను.

రవాణా విషయంలో ఆ నగరాన్ని ఎంత మెచ్చుకున్నా తక్కువే. రైలు, బస్సు ఒకే కార్డుతో నడుస్తాయి. ఛార్జీ మొత్తం ప్రయాణించిన దూరాన్ని బట్టి పడుతుంది, రైలు దిగి 45 నిమిషాలలోపు బస్సు ఎక్కితే అది అదే ప్రయాణానికి కొనసాగింపు అవుతుంది. ఊరి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళినా రెండున్నర డాలర్ల చుట్టుపక్కలే. అందువల్ల అపరిమిత ప్రయాణాల టూరిస్టు పాసు మావంటి ఎక్కువ రోజుల యాత్రికులకు లాభం కాదు. రోజుకు రెండు మూడు ప్రయాణాలు చేసేవారికి మామూలు కార్డే చవక. విదేశీ బ్యాంకు కార్డును నేరుగా ట్యాప్ చేయవచ్చు గాని, వాడిన ప్రతి రోజుకూ 60 సెంట్ల రుసుము పడుతుంది. అది 28 రోజులకు మనిషికి 16.80 డాలర్లు. స్థానిక ప్రయాణ కార్డు కొనుక్కోవడం దానికంటే మేలు. అరవై దాటినవారి రాయితీ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే వర్తిస్తుంది కనుక అమ్మకు పూర్తి ఛార్జీయే. బస్సు దిగేటప్పుడు కార్డు మళ్ళీ ట్యాప్ చేయడం మరచిపోతే ఆ బస్సు చివరి స్టాపు వరకు లెక్క కట్టి తీసుకుంటారు. అమ్మ కార్డుకు రెండుసార్లు అలా జరిగింది. దిగే ముందు గుర్తు చేయవలసిన బాధ్యత నాది. ఇన్ని చేసినా 28 రోజులకు రెండు కార్డులకూ కలిపి 181 డాలర్లే అయింది.

టాక్సీ లెక్క వేరు. సాయంత్రం 5 నుంచి అర్ధరాత్రి వరకు మీటరుపై 25 శాతం, నగర మధ్యంలో ఎక్కితే మరో మూడు డాలర్లు, అర్ధరాత్రి దాటితే 50 శాతం అదనం. మనిషికి ఓపిక అయిపోయే వేళా, అదనపు ఛార్జీ మొదలయ్యే వేళా ఒకటే కావడం వల్ల మొదటి పది రోజుల్లో విమానాశ్రయం నుంచి వచ్చినదానితో కలిపి ఏడుసార్లు టాక్సీ ఎక్కి 118 డాలర్లు పెట్టాము. అమ్మ మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుంటే వాటిలో కొన్ని తప్పనిసరి, వాటికి నేను విచారించడం లేదు. అయితే ఆమెను మధ్యాహ్నం ఎండలో నడిపించకుండా ఉంటే సాయంత్రం ఆ అవసరమే వచ్చేది కాదు. ఆ తరువాత సెలవు రోజుల్లో పొద్దున్నే బొటానిక్ గార్డెన్స్‌కు వెళ్ళి, పదకొండు గంటలకు గదికి చేరి, ఎండ తగ్గాక మళ్ళీ బయలుదేరాము. చివరి పద్దెనిమిది రోజుల్లో టాక్సీ ఎక్కినది రెండుసార్లే, 31 డాలర్లు.

దాహం కూడా అలాగే అదుపులోకి వచ్చింది. అక్కడి కుళాయి నీరు కాచకుండానే తాగవచ్చు. ఈ సంగతి తెలిసినా, అలవాటు లేక మొదట్లో సీసా నీళ్ళు, కొబ్బరి బోండాలు, చెరకు రసం అంటూ రోజుకు 11 డాలర్లు పోశాము. హాకర్ సెంటర్లలో భోజనంతో నీళ్ళు ఇవ్వరు, పానీయం వేరే దుకాణంలో కొనాలి. రైళ్ళలోను, స్టేషన్లలోను తినడం, తాగడం నిషిద్ధం, జరిమానా 500 డాలర్ల వరకు ఉంటుంది. అందుచేత రైలు దిగేసరికి గొంతు ఎండి ఎదురుగా కనిపించిన దుకాణంలో దూరేవాళ్ళము. గదిలో నింపిన రెండు సీసాలు సంచిలో వేసుకుని, గేటు దాటక ముందే తాగడం మొదలుపెట్టాక ఆ పద్దు రోజుకు మూడు డాలర్లకు దిగింది. ఆ మూడూ అమ్మ ఇష్టపడే చెరకు రసానికే కేటాయించాను.

విహారాల్లో సెంటోసా ద్వీపానికి మోనోరైలు నాలుగు డాలర్లు. పక్కనే ఉన్న చెక్క వంతెన మీదుగా ఉచితంగా నడిచి వెళ్ళవచ్చు, ద్వీపం లోపల బస్సులకు డబ్బు లేదు. పులావ్ ఉబిన్ ద్వీపానికి వెళ్ళే చిన్న పడవ పన్నెండుమంది పోగయ్యాక కదులుతుంది, నగదు ఇవ్వాలి. రెండింటిలో నా ఓటు ఉబిన్‌కే.

తిరుగు ప్రయాణం రోజున చాంగి విమానాశ్రయానికి లిటిల్ ఇండియా నుంచి డౌన్‌టౌన్ మార్గంలో ఎక్స్‌పో వరకు వెళ్ళి, అక్కడ రైలు మారి తరువాతి స్టేషన్‌లో దిగాము. సామాను రెండు పెట్టెలే, సమయం మధ్యాహ్నానికి ముందు, రైలులో కూర్చోవడానికి చోటు ఉంది. వచ్చిన రాత్రి ఇదే దారికి టాక్సీలో ముప్పై డాలర్ల పైన ఇచ్చాము. ఇప్పుడు ఇద్దరికీ కలిపి ఐదు డాలర్లు కూడా కాలేదు. దిగేటప్పుడు అమ్మ నాకంటే ముందే కార్డు తీసి చేతిలో పట్టుకుని ఉంది.