సూల్వెన్ కొండకి పైసా ఖర్చు లేదు, గదికే 330 పౌండ్లు

స్కాట్లండ్‌లో సూల్వెన్ కొండెక్కడానికి లాకిన్వర్ అనే ఊరు వెళ్లేవాళ్లకి ముందే చెబుతున్నాను, 'సముద్రం కనిపించే గది' అన్న ఫొటో చూసి పడిపోకండి. మా ముగ్గురికీ రాత్రికి 165 పౌండ్లు, పైగా రెండు రాత్రులు తప్పనిసరి. సముద్రం కనిపిస్తుంది, నిజమే, బాత్‌రూమ్‌లో స్టూలెక్కితే! కొండకి తెల్లారే బయల్దేరాలంటే ఎనిమిదిన్నరకి ముందు టిఫిన్ పెట్టరట. పోనీ బ్రెడ్డు, అరటిపండు కట్టివ్వమంటే గది అద్దెకిచ్చిన ఇంటావిడ నవ్వుతూనే మనిషికి 9 పౌండ్లు వేసింది. టిఫిన్ గది అద్దెలోనే ఉంది కదమ్మా అంటే, అది వేరు, ఇది వేరట.

"బావా, ఇరవయ్యేడు పౌండ్ల బ్రెడ్డు! జాగ్రత్తగా మొయ్యి," అంటూ మా బావమరిది దారంతా అదే పాట.

ఎడిన్‌బరో నుంచి డ్రైవింగ్ గురించి చెప్పడానికేం లేదు, బాగానే జరిగింది. గ్లెన్‌కానిస్ప్ రోడ్డు చివర కారు పెట్టి నడక మొదలుపెట్టాం. రానూపోనూ 20 కిలోమీటర్లు. కొండ ఉన్న ఈ ఎస్టేటుని 2005లో ఇక్కడి అసింట్ ప్రాంతం ప్రజలే ట్రస్టు పెట్టి కొనుక్కున్నారు. టికెట్టు లేదు, గేటు దగ్గర అడిగేవాడూ లేడు. స్కాట్లండ్‌లో కొండలెక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదని 2003లో చట్టమే చేశారు.

ఎత్తు 731 మీటర్లే. "అలిపిరి మెట్లెక్కినదాన్ని, ఇదెంత?" అంది మా ఆవిడ. అలిపిరిలో కాలు పెట్టిన చోట మెట్టుంటుంది. ఇక్కడ బురదో, రాయో పెట్టాకే తెలుస్తుంది. ఆఖర్న ఎక్కాల్సిన కొండ చీలిక నిట్టనిలువు, జారే గులకరాళ్లు. అక్కడ ఆవిడ మాట్లాడ్డం మానేసింది. నాకు భయమేసింది, కొండకి కాదు. తీరా పైకెళితే శిఖరం మీద మెత్తటి పచ్చిక! కింద లెక్కలేనన్ని చిన్న చెరువులు, పడమట సముద్రం. ఈసారి స్టూలు అవసరం లేకపోయింది. ఆవిడే ఫొటోలు తియ్యమంది.

దిగేటప్పుడు వాన పట్టుకుంది. దారి పక్కనే సూలెగ్ బోతీ ఉంది, వాలంటీర్లు చూసుకునే పాత రాతి ఇల్లు. తాళం ఉండదు, అద్దె ఉండదు, కరెంటూ ఉండదు, మరుగుదొడ్డికి బదులు పార ఉంటుంది. లోపలున్న ముసలాయన మమ్మల్ని చూస్తూనే స్టవ్ వెలిగించి, అడక్కుండానే మా ముగ్గురికీ టీ పెట్టాడు. ఆయనకున్నది ఒక్కటే కప్పు, వంతులేసుకుని తాగాం. పాలపొడి, పంచదార ఎక్కువ. అంత మంచి టీ ఈ దేశంలో నేనింతవరకు తాగలేదు. బదులుగా మా బావమరిది తొమ్మిది పౌండ్ల శాండ్‌విచ్ ఒకటి ఇవ్వబోతే, విప్పి చూసి మర్యాదగా వద్దన్నాడు.

మీరు వెళితే గది ఉల్లాపూల్‌లో తీసుకోండి, కారులో గంట దూరం. బ్రెడ్డు ముందురోజే కొట్లో కొనుక్కోండి. లాకిన్వర్‌లో పైలు (లోపల కూర పెట్టి కాల్చినవి) మాత్రం తినకుండా రావద్దు, శాకాహారులకీ దొరుకుతాయి. మేలోనే వెళ్లండి. జూన్ వచ్చిందంటే మిడ్జిలని సన్న దోమల్లాంటి పురుగులు ముఖం మీద ముసురుతాయి, తలకి వల లేకపోతే నోరు తెరవలేరు.