బల్లార్షా ఎండలో తెల్ల కోటింగ్: తొమ్మిదేళ్ళు దాని కింద ఉన్నాక

ఇల్లు చూడబోయిన రోజున బంగ్లా (డాబా) ఎక్కగానే కళ్ళు చెదిరాయి. 2016 మే, రోహిణి కార్తె. మహారాష్ట్రలోని మా బల్లార్షా మొత్తం పెనంలా కాగుతోంది. ఆ కప్పు మీద మాత్రం చెప్పులు విప్పి నిలబడగలిగాను. అప్పుడే ఆరిన ముగ్గులా తెల్లగా, ఎక్కడా ఒక్క గీత లేకుండా ఉంది. మా ఆయన వైపు చూశాను, ఆయన నా వైపు చూశాడు. ఇల్లు ఖాయమైంది అక్కడే. ఆ తెలుపు మీద నాకు ఇప్పటికీ కోపం తీరలేదు.

ఇప్పుడు మా కప్పు మీద ఉన్నదీ ఎండను తిప్పికొట్టే ఆ జాతి తెల్ల కోటింగే. మేమే వేయించుకున్నాం, మళ్ళీ వేయించుకుంటాం కూడా. అది ఎండను ఎలా తిప్పికొడుతుందో, ఎన్ని పూతలు పూయాలో డబ్బా మీదే రాసి ఉంటుంది కాబట్టి అవి వదిలేస్తున్నాను. 2023లో తెలంగాణ ప్రభుత్వం ఇళ్ళ కప్పులను చల్లగా ఉంచే కూల్ రూఫ్ విధానం తెచ్చినప్పటి నుంచి మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు చుట్టాలు ఫోన్ చేసి "వదినె, మీ ఇంటి మీద వేసిందేనా, బాగుంటదా?" అని అడుగుతున్నారు. ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు ఒక్కసారి మొత్తం రాస్తున్నాను.

మొదటి వానకాలం ఇంట్లో చుక్క ఉరవలేదు. రెండో ఏడు నడిమర్రలో సజ్జ మూల అరచేయంత చెమ్మ కనిపించింది. సున్నం పూసి మరిచిపోయాం. మూడో ఎండకాలం కోటింగ్ మీద అప్పడం పొంగినట్టు బుడగలు లేచాయి. ఎండకు అలాగే అవుతుందిలే అనుకున్నాం. ఈ రెండూ ఒకే జబ్బు అని మాకు తట్టలేదు.

2018 ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. మా అత్తమ్మ రోజూ మధ్యాహ్నం నడిమర్రలో నులక మంచం మీద కాసేపు నడుం వాలుస్తుంది. ఆ రోజు వాన చూస్తూ వరండాలోనే కూర్చుంది. దబ్బుమని చప్పుడు. పోయి చూస్తే చాటంత పెచ్చు ఊడి మంచం మీద పడింది, తలవైపు నులక తెగిపోయింది. పైన రెండు సలాకలు బయటపడ్డాయి. తుప్పు పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది, చేత్తో రాస్తే ఎర్రటి పొడి రాలింది. అత్తమ్మ ఏమీ అనలేదు. మంచం మాత్రం ఆ అర్రలో మళ్ళీ ఎన్నడూ వేసుకోలేదు, ఇవాళ్టికీ వేసుకోదు.

సిరొంచ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మేస్త్రిని పిలిచాం. ఆయన సుత్తి తిరగేసి పిడితో స్లాబు కింది వైపు అంగుళం అంగుళం తట్టుకుంటూ పోయాడు. గట్టి చోట ఖణేల్‌మంది, చెడిన చోట డప్పు మోగినట్టు డొల్లగా వచ్చింది. నడిమర్రలో సగం డొల్లే. "అక్కా, ఇది మొన్నటి వాన జేసిన పని గాదు. ఈ స్లాబు ఏండ్ల సంది నీళ్ళు తాగుతున్నది" అన్నాడు. నీళ్ళు తగిలిన ఇనుము తుప్పుగా మారేటప్పుడు ఉబ్బుతుంది, ముందున్న దానికి రెట్టింపు పైనే చోటు కావాలి. చోటు లేక కింద ఉన్న కాంక్రీటును తోసేస్తుంది. మంచం మీద పడింది అలా తోసేసిన ముక్కే.

బంగ్లా ఎక్కి కోటింగ్ అంచు గోరుతో లేపి లాగాడు. మామిడి తాండ్ర చాప మీద నుంచి లేచినట్టు మూరెడు ముక్క ఒక్కసారే వచ్చేసింది. కింద పాత కోబా. ఇటుక ముక్కలు పరిచి పైన సిమెంటు నున్నగా తీసే ఆ పనిని ఇక్కడందరూ కోబా అనే అంటారు. నాలుగు రోజులుగా ఎండ కాస్తున్నా అది నల్లగా, తడిగా, పాచి వాసనతో ఉంది. కోటింగ్ పైనుంచి వచ్చే నీళ్ళను ఆపిందో లేదో గాని, లోపల చేరిన తడిని మాత్రం బయటికి పోనివ్వలేదు. ఎండ కాసినప్పుడల్లా ఆ తడి ఆవిరై పైకి తోస్తే వచ్చినవే ఆ బుడగలు.

ఇంకొక ముక్క లాగాడు. అక్కడ నాలుగు మూలలా నాలుగు తుప్పు మరకలు, చుట్టూ తెల్లటి ఉప్పు చార. నాకు మొదట అర్థం కాలేదు, ఆయనకు చూడగానే తెలిసింది. కూలర్ స్టాండు కాళ్ళవి. మా దగ్గర 47 డిగ్రీలు మామూలు మాట, కూలర్ లేని ఇల్లు ఉండదు. మాకు అమ్మినవాళ్ళు కూలర్‌ను బంగ్లా మీద పెట్టి మెట్ల దారి నుంచి గాలి కిందికి దింపుకున్నారట, పక్కింటివాళ్ళు తర్వాత చెప్పారు. గడ్డి ప్యాడ్ల నుంచి కారే నీళ్ళు, ట్యాంకు నిండి పొర్లే నీళ్ళు మార్చి నుంచి జూన్ దాకా రాత్రీ పగలూ ఒకేచోట. ఎన్నేళ్ళో తెలియదు. నీటి చుక్క కోసం అల్లాడే ఎండకాలంలోనే మా స్లాబు నానిపోయింది. ఇల్లు కొనేటప్పుడు వాన మరకల కోసమే వెతికాను. కూలర్ ఎక్కడ ఉండేదని అడగాలని ఎవరు చెబుతారు?

తెలిసే రంగు వేసి అమ్మారా, ఇల్లు అమ్ముతున్నాం కదా అని శుభ్రంగా వేయించారా అన్నది నేను చెప్పలేను. ఆ తుప్పు మరకలను, ఉప్పు చారను నా కంటికి కనపడకుండా కప్పింది మాత్రం ఆ తెలుపే.

మరమ్మతు 2019 మార్చిలో పెట్టుకున్నాం, స్లాబు పూర్తిగా ఆరాలని మేస్త్రి అంతదాకా ఆగమన్నాడు. కోటింగ్ మొత్తం గీకేశాక కోబాకు అడ్డంగా పారిన ఒక బీట బయటపడింది. సన్న గీతే. మధ్యాహ్నం రెండింటికి చూసి "ఇంతేనా" అన్నాను. "తెల్లారగట్ల ఒక్కసారి ఎక్కి చూడక్కా" అన్నాడు. మర్నాడు అయిదింటికి టార్చి పట్టుకుని ఎక్కాను. కరెంటు బిల్లును రెండు మడతలు పెట్టి దించితే బీటలోకి జారిపోయింది. మళ్ళీ మధ్యాహ్నం అదే బిల్లు ఒంటి పొర కూడా దిగలేదు. ఎండకు ఉబ్బిన కప్పు బీటను మూసేస్తుంది, రాత్రి చల్లబడి ముడుచుకుంటే అది తెరుచుకుంటుంది. మా అబ్బాయి సివిల్ డిప్లొమా పుస్తకం తీసి లెక్క కట్టాడు: పది మీటర్ల స్లాబు 30 డిగ్రీల తేడాకు సుమారు 3 మిల్లీమీటర్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. పైన పూసిన తోలు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. ఏడాది పొడవునా రోజూ ఇలా లాగుతుంటే, బీట నింపకుండా పూసిన ఏ రంగైనా ఎన్నాళ్ళు ఆగుతుంది? ఇల్లు చూడబోయేవాళ్ళం అందరం పొద్దెక్కాకే పోతాం. అంటే బీటలు మూసుకుని ఉన్న వేళకే పోతాం.

పాత కోబా అంతా పగలగొట్టి దింపారు. అప్పుడు ఇంకోటి తేలింది. తూము మూతి కంటే దాని చుట్టూ ఉన్న చోటే లోతుగా ఉంది, నీళ్ళు పోవాలంటే ముందు నిలవాలి. సలాకలు గీకి, తుప్పు మందు పూసి, బీటలు వెడల్పు చేసి సాగే సీలెంటు నింపి, తూము దించి, నూటికి ఒకటి వాలుతో కొత్త కోబా వేసి, పిట్టగోడ కలిసే మూలన్నీ గుండ్రంగా తీశారు. 800 అడుగుల కప్పుకు లక్షా ముప్పై వేలు అయింది. ఇందులో తెల్ల కోటింగ్ ఖర్చు చాలా చిన్న భాగం. చివరగా ఆ కోటింగే వేయించాను. అంత కోపం ఉండి కూడా ఎందుకంటే, ఆ మొదటి రెండు ఎండకాలాల చల్లదనం నేను మరిచిపోలేదు.

2019 ఎండకాలం ఆ నమ్మకం నిలబెట్టింది. గోడ మీది థర్మామీటరులో మధ్యాహ్నం మూడింటికి మూడు డిగ్రీల దాకా తేడా కనిపించింది. దానికంటే గొప్ప మార్పు రాత్రి తెలిసింది. కోటింగ్ బుడగలు లేచి చెడిన 2018లో ఫ్యాను వేస్తే అర్ధరాత్రి ఒంటిగంట దాకా పైనుంచి సెగ దిగేది. ఇప్పుడు తొమ్మిదిన్నర, పదికే గాలి గాలిలా ఉంది. ఆ సంతోషంలో కనబడ్డవాళ్ళందరికీ "ఇది వేసుకోండి, కూలర్ కూడా అక్కర్లేదు" అని చెప్పాను.

ఆ మాట ఇప్పుడు అంత గట్టిగా అనను. మా ఊరి గాలిలో బొగ్గు నుసి ఉంటుంది, పొద్దున ఊడ్చిన వాకిలి మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. రెండో ఏడు వచ్చేసరికి కప్పు బూడిద రంగుకు తిరిగింది, మూడు డిగ్రీల తేడా ఒకటికి వచ్చింది. శివరాత్రి దాటగానే మెత్తటి చీపురు, కొంచెం సబ్బు పొడితో కడిగితే సగం తెలుపు తిరిగొస్తుంది. గట్టి బ్రష్షుతో రుద్దకండి, ఒకసారి రుద్ది పొర లేపుకున్నాను. 2022లో మళ్ళీ ఒక పూత వేయించాం. డబ్బా మీద రాసిన ఏళ్ళ లెక్క మా ఊళ్ళో నాకు నిజం కాలేదు. డిసెంబరు రాత్రులు అర్ర ఇంకా చల్లబడుతుంది, పెద్దవాళ్ళున్న ఇంట్లో అదీ చూసుకోవాలి. కూలర్ ఇప్పటికీ ఉంది, కాకపోతే కిటికీ బయట నేల మీద.

మా పెద్దమ్మ మనవడు అమెరికాలో అరిజోనా ఎడారిలో, ఫీనిక్స్‌లో ఉంటాడు. అక్కడ 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. అతను కొన్న ఇంటికి పెంకుల కప్పు. ఒక్క పెంకు పగల్లేదు, చూడడానికి కొత్తదే. పెంకుల కింద నీళ్ళను ఆపే తారు పొర ఒకటి ఉంటుందట. అసలు కాపలా దానిదే. పెంకులు యాభై ఏళ్ళు ఉన్నా ఆ పొర ఎండ వేడికి పెళుసుబారి చాలా ముందే పోతుంది. అక్కడ కూడా జూన్ నడిమి నుంచి సెప్టెంబరు దాకా అప్పుడప్పుడూ ఉరుములతో జడివానలు పడతాయి, మిగతా కాలం పొడే, కాబట్టి కొన్నవాడికి జబ్బు తెలిసేసరికి నెలలు గడిచిపోతాయి. వాడు ఫోన్‌లో చెబుతుంటే నాకు మా నడిమర్రే కళ్ళ ముందు కనిపించింది.

పోయినేడు మా మరిది రాజురాలో ఇల్లు చూడబోతూ నన్ను వెంట తీసుకుపోయాడు. పొద్దున ఆరింటికే పోదామని పట్టుబట్టాను. నేను ముందు హాలు చూడలేదు, సజ్జ మీది సామాను జరిపించి వెనక మూల చూశాను. మూడు అర్రల్లో ఒక్కదాని కప్పుకే కొత్త సున్నం ఉంది, అక్కడ చీపురు కట్ట తిరగేసి తట్టాను. డొల్ల మోత రెండు చోట్ల వచ్చింది. పైన కూలర్ ఎక్కడ ఉండేదో ఇంటాయనను మర్యాదగా అడిగాను. తూము దగ్గర తడి బట్ట అడ్డుపెట్టి రెండు బిందెల నీళ్ళు పోయిస్తానంటే మొదట మొహం చిట్లించాడు, తర్వాత ఒప్పుకున్నాడు. మర్నాటికి కింద చెమ్మ తేలింది. ఆయన మంచివాడు, దాచలేదు, ధర తగ్గించాడు. మా మరిది తెలిసే కొన్నాడు, ఆ డబ్బుతోనే బాగు చేయించుకున్నాడు. ఆ కప్పు మీద కోటింగ్ లేదు, మట్టి రంగు కోబానే. బీటలు ఉన్నవి ఉన్నట్టు కనిపించాయి. నాకు ఆ ఇంటి మీద నమ్మకం కలిగింది అందుకే.

కోటింగ్‌కు నేను అయిదుకి మూడున్నర ఇస్తాను. మాది ఒక్క అంతస్తు ఇల్లు, స్లాబు నేరుగా నెత్తి మీదే ఉంటుంది, మా ఆయన షిఫ్టు డ్యూటీ వల్ల పగలు నిద్ర తప్పదు. మా ఇంటికి ఆ రెండు మూడు డిగ్రీలు చాలా విలువైనవి. పైన ఇంకో అంతస్తు లేపే ఆలోచన ఉన్నవాళ్ళు డబ్బు దీని మీద పెట్టకండి. నీడ ఉన్న కప్పుకైతే ఇది అంతగా పనికిరాదు. ఉరిసే కప్పుకు మందుగా మాత్రం నేను ఒక్క మార్కు కూడా ఇవ్వను.

వచ్చే ఫాల్గుణంలో మా కప్పుకు మూడో పూత పడాలి. మేస్త్రితో మాట్లాడాను. పూత వేసే ముందు రోజు తెల్లారగట్ల అయిదింటికి ఇద్దరం ఎక్కి చూడాలని అనుకున్నాం. పాత కరెంటు బిల్లు ఒకటి అందుకని దాచిపెట్టాను.