యూరిన్‌లో మంట: ఆగి చూడాలా, వెంటనే చూపించుకోవాలా?

మూత్రానికి వెళ్తే మంట, వెళ్లొచ్చిన ఐదు నిమిషాలకే మళ్లీ వెళ్లాలనిపించడం. ఇవి ఎక్కువగా యూరిన్ ఇన్ఫెక్షన్ లక్షణాలు. ఇలా మొదలైతే చాలామంది ముందు నీళ్ల బాటిల్ అందుకుంటారు. అది పూర్తిగా తప్పని అనలేం. ఆరోగ్యంగా ఉన్న, గర్భంతో లేని ఆడవాళ్లలో లక్షణాలు తేలికగా ఉంటే కొన్నిసార్లు వాటంతటవే తగ్గుతాయి. అయితే ఒకటి రెండు రోజులకు మించి ఆగితే మంట భరించడం అటుంచి, బ్యాక్టీరియా (ఎక్కువసార్లు ఈ.కోలై) కిడ్నీల దాకా పాకే ప్రమాదం ఉంది.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్తే యూరిన్ పరీక్ష చేయిస్తారు. కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి, అది ఏదో తేల్చే పరీక్ష) రిపోర్టుకు 1 నుంచి 3 రోజులు పడుతుంది కానీ, లక్షణాలను బట్టి మందు ముందే మొదలుపెడతారు. సరైన యాంటీబయాటిక్ పడితే రెండు మూడు రోజుల్లో తేడా తెలుస్తుంది. కల్చర్‌కు శాంపిల్ మందు వేసుకోకముందే ఇవ్వాలి. ఇంట్లో మిగిలిన పాత యాంటీబయాటిక్ వేసుకుని వెళ్తే రిపోర్టే తారుమారు కావచ్చు. నన్నడిగితే ఆగి చూడడం కన్నా ఇదే పెద్ద పొరపాటు.

గర్భిణులు, పిల్లలు, మగవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు ఆగి చూడకూడదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, వాంతులు, మూత్రంలో రక్తం కనిపిస్తే ఎవరైనా సరే ఆ రోజే వెళ్లాలి.