బలిపీఠం ద్రాక్షారసం: తెల్లదా, ఎర్రదా?

కథోలిక చర్చిలో రొట్టె, ద్రాక్షారసంతో జరిగే దివ్యబలి పూజ కోసం అమ్మే ద్రాక్షారసాల్లో తియ్యటి తెల్ల రకానికే మా ఓటు. క్రీస్తు రక్తానికి గుర్తుగా కంటికి ఎరుపే ఆనుతుంది, నిజమే. కానీ పాత్ర తుడిచే తెల్లగుడ్డ మీద ఎర్ర మరక పడితే ఓ పట్టాన వదలదు. రంగు ఇదే కావాలని కథోలిక నియమం ఏమీ చెప్పదు. ద్రాక్షపండ్లతోనే చేసిందై ఉండాలి, చెడిపోకూడదు.

కొనేముందు లేబుల్ చదవండి. రంగు, ఎసెన్సు కలిపిన సీసా పనికిరాదు. 12 శాతం ఆల్కహాలున్న రకం మూత తీశాక గాలి తగిలి, ఫ్రిజ్‌లో ఉన్నా కొద్దిరోజులకే పులుపెక్కుతుంది. ద్రాక్ష స్పిరిట్ చేర్చి 18 శాతం దాకా తెచ్చినది వారాల తరబడి నిలుస్తుంది. వారానికి ఒక్క పూజే జరిగే ఊరి గుడికి ఇదే నయం, కాస్త ఘాటుగా ఉన్నా సరే.

పూజ చేసే గురువు (ఫాదర్) ఒక్కరే స్వీకరిస్తే 30 మి.లీ. ధారాళంగా సరిపోతుంది. అందులో ఒకట్రెండు చుక్కల నీళ్లు కలుపుతారు. ఈ ఆచారం చాలా పాతది. క్రీ.శ. 155 ప్రాంతంలో రోములో క్రైస్తవ రచయిత జస్టిన్, నీళ్లు కలిపిన ద్రాక్షారసాన్ని రొట్టెతో పాటు తెచ్చేవారని రాశాడు. అప్పటి గ్రీకులు, రోమన్లు ఇంట్లోనూ నీళ్లు కలిపే తాగేవారు. మూడో శతాబ్దంలో కొందరు ఉత్త నీళ్లతోనే కానిచ్చేస్తుంటే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ బిషప్ సిప్రియన్ ఒప్పుకోలేదు. ద్రాక్షారసం క్రీస్తుకు, నీళ్లు ప్రజలకు గుర్తు, రెండూ ఒకే పాత్రలో కలవాలని ఆయన వాదన.

పులియని రసం వాడే ప్రొటెస్టెంటు సంఘాలకు ఈ సీసా అక్కర్లేదు.