మనాలిలో ఏ ఒడ్డున దిగాలి: ఆరుసార్లు వెళ్ళొచ్చాక నా రివ్యూ

గుంటూరు మిర్చి యార్డుకు వేసవి సెలవులు ఇస్తేనే మా ఇంట్లో ఎవరైనా ఊరు కదిలేది, ఎందుకంటే మాది కమీషన్ కొట్టు, సీజన్‌లో ఆదివారం కూడా లెక్కలతోనే గడిచిపోతుంది. 2017 నుంచి ఇప్పటికి ఆరుసార్లు హిమాచల్ ప్రదేశ్‌లో మనాలి ఉన్న కులు లోయకు వెళ్ళాం, ఐదుసార్లు మే నెలాఖరులో, ఒకసారి జనవరిలో. అన్నీ కలిపితే నలభై రాత్రులు దాటాయి. మాల్ రోడ్డు హోటల్ నుంచి రాత్రికి 18 వేలు తీసుకునే రిసార్ట్ దాకా అన్ని రకాల్లోనూ దిగాం కాబట్టి ధైర్యంగానే రాస్తున్నాను.

నాకు ఫోన్ చేసేవాళ్ళందరూ "మనాలిలో ఏ హోటల్ బాగుంటుందండీ?" అని అడుగుతారు. ముందు అడగాల్సింది అది కాదు. ఏ ఒడ్డు, నదికి ఎంత ఎత్తు, గది ఎటు చూస్తుంది, ఈ మూడూ తేలాకే హోటల్ సంగతి. మనకు బెజవాడ ఒడ్డు, తాడేపల్లి ఒడ్డు ఉన్నట్టే అక్కడా రెండు ఒడ్లు. బియాస్ నది ఉత్తరం నుంచి దక్షిణానికి పారుతుంది. పడమటి వైపు కుడి ఒడ్డు: మనాలి ఊరు, మాల్ రోడ్డు, ఢిల్లీ బస్సులొచ్చే హైవే అన్నీ ఇటే. తూర్పు వైపు ఎడమ ఒడ్డు: ప్రీణి, జగత్‌సుఖ్, ఇంకా కిందికి వెళ్తే నగ్గర్. అటు రోడ్డు ఇరుకే కానీ లారీలు తక్కువ.

మొదటి రెండుసార్లు మాల్ రోడ్డు పక్కనే దిగాం. తిండికి, షాపింగ్‌కి బాగుంటుంది, అంతకుమించి ఏమీ లేదు. మాల్ మీదికి బండ్లు రానివ్వరు కాబట్టి సామాను మోసుకుంటూ నడవాలి, చుట్టుపక్కల సందుల్లో మాత్రం రాత్రి పదకొండు దాకా హారన్లే.

2019లో పైన దేవదారు చెట్ల మధ్య కాటేజీ తీసుకున్నాం. హిడింబ గుడికి నడిచి వెళ్ళొచ్చు, 1553లో కట్టిన చెక్క గుడి అది, పొద్దున్నే జనం రాకముందు చూస్తే మనసు నిండిపోతుంది. కానీ ఆ చెట్లు ఎంత అందమో అంత నీడ. మే నెలలో కూడా గదిలోకి ఎండ రాలేదు, దుప్పట్లకు చెమ్మ వాసన, ఆరేసిన బట్టలు రెండు రోజులైనా ఆరలేదు, పైగా గదికి వెళ్ళాలంటే 64 మెట్లు. మోకాళ్ళ నొప్పితో అమ్మ రోజుకు ఒక్కసారే బయటికి వచ్చేది. ఆ మెట్ల గురించి బుకింగ్ అప్పుడు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

2022లో నదిని ఆనుకుని ఉన్న రిసార్ట్. నిజం చెప్పాలంటే అక్కడ గడిపిన ఆరు రాత్రులూ మాకు చాలా నచ్చాయి, మంచు కరిగి మధ్యాహ్నం నుంచి నీళ్ళు పెరిగేకొద్దీ హోరు కూడా పెరుగుతుంది, ఆ హోరులో పిల్లలు హాయిగా నిద్రపోయారు. ఆ మరుసటి ఏడాది, 2023 జులైలో, అదే నది వరదకు హైవే ముక్కలు ముక్కలుగా కొట్టుకుపోవడం, ఒడ్డునున్న కట్టడాలు కూలిపోవడం టీవీలో చూశాం. ఇదే బియాస్‌లో దిగువన, మండీ జిల్లాలో, 2014 జూన్‌లో డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళకు మన హైదరాబాద్ ఇంజనీరింగ్ పిల్లలు 24 మంది పోయారు, అది మన తెలుగువాళ్ళు మర్చిపోయే విషయం కాదు. మా వదినది విజయవాడ సింగ్ నగర్. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు ఇంట్లోకి వచ్చాక ఆమె రోజుల తరబడి మేడ మీదే ఉంది. కిందటేడాది మాతో వస్తానన్నప్పుడు ఒక్కటే షరతు పెట్టింది, "నది కనిపించాలి కానీ గుమ్మంలో ఉండకూడదు తమ్ముడూ" అని. ఇప్పుడు మేం నదికి కనీసం నలభై, యాభై మీటర్ల ఎత్తులో ఉంటేనే తీసుకుంటున్నాం.

ఎండ సంగతి నాకు అర్థమైంది 2024 జనవరిలో. కుడి ఒడ్డున మంచి పేరున్న లగ్జరీ రిసార్ట్, బాత్రూం నేల కూడా వెచ్చగా ఉంటుందని రాశారు. మధ్యాహ్నం మూడున్నరకే సూర్యుడు మా వెనక కొండ చాటుకు వెళ్ళిపోయాడు. బాల్కనీలో టీ గ్లాసు పట్టుకుని నిలబడితే రెండు నిమిషాల్లో టీ చల్లారిపోయింది. మా పాప బైనాక్యులర్స్‌తో చూస్తూ "నాన్నా, అటు ఇంకా ఎండే" అంది. తీసుకుని చూశాను. అవతలి ఒడ్డున ఒకావిడ మేడ మీద చాప పరుచుకుని ఊలు అల్లుకుంటోంది, పక్కన పళ్ళెంలో ఏవో ఆరబెట్టింది, ఆవిడ మొహం మీద పసుపచ్చటి ఎండ. ఇంకో గంట దాకా ఆ ఎండ పోలేదు. పొద్దున ఎండ వాళ్ళకు ఆలస్యంగా తగులుతుంది, నిజమే, కానీ మనం పొద్దున ఎటూ బయట తిరుగుతుంటాం, గదిలో ఉండేది సాయంత్రాలే. ఆ రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ లైట్లకే కానీ హీటర్లకు కాదని అప్పుడు చెప్పారు. నలుగురం ఒకే మంచం మీద పడుకున్నాం. అంత డబ్బు తీసుకుని ఆ మాట ముందే చెప్పకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

అందుకే 2025లో ఎడమ ఒడ్డు, నగ్గర్ పైన. హైవే మీద పత్లీకుహల్ దగ్గర వంతెన దాటితే కొండ ఎక్కడమే. మనాలి ఇరవై కిలోమీటర్ల పైన ఉంటుంది. నగ్గర్ కులు రాజుల పాత రాజధాని. రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1928లో ఈ లోయకు వచ్చి 1947లో చనిపోయేదాకా ఇక్కడే ఉన్నాడు, ఆయన ఇల్లు ఇప్పుడు మ్యూజియం. మేం దిగిన ఇల్లు అక్కడి పాత పద్ధతిలో ఒక వరస రాయి, ఒక వరస దుంగ పేర్చి కట్టింది, గోడలు ఎంత మందమంటే కిటికీ గూట్లో కూర్చుని మా వాడు భోంచేసేవాడు. చిన్న వంటగది ఉంది. అమ్మ మొదటి రోజు కందిపప్పు గిన్నెలో పెడితే గంటన్నరైనా పలుకు పోలేదు. ఆ ఎత్తులో నీళ్ళు 100 డిగ్రీల దాకా రాకుండానే, 93, 94కే మరిగిపోతాయి. మర్నాడు ఇంటి ఓనర్‌ని అడిగి కుక్కర్ తెచ్చుకున్నాక ముద్దపప్పు, ఆవకాయ, ఎదురుగా మంచు కొండలు. మీరైతే మూడు లీటర్ల కుక్కర్ ఇంటి నుంచే తీసుకెళ్ళండి.

నగ్గర్‌తో ఇబ్బంది ఒకటుంది. మంచు ఆటలకు వెళ్ళే సోలాంగ్ లోయకో, కొండ కింద తవ్విన అటల్ టన్నెల్‌కో వెళ్ళాలంటే మనాలి జామ్ దాటాలి, పొద్దున ఆరుకల్లా బయల్దేరకపోతే రోజంతా కారులోనే. మూడు రాత్రులే ఉండేవాళ్ళు, ముఖ్యంగా కొత్తగా పెళ్ళయినవాళ్ళు, మనాలికి పైన సోలాంగ్ వైపు దిగడమే మేలు. ఇంకో మాట, 2020 అక్టోబర్‌లో తొమ్మిది కిలోమీటర్ల ఆ టన్నెల్ తెరిచాక అవతల సిస్సూలో కూడా బోలెడు హోటళ్ళు వచ్చాయి. బాగుంటుంది, కానీ అది మూడు వేల మీటర్ల పైన. సముద్రానికి ఇంచుమించు సమానంగా ఉండే మన ఊళ్ళ నుంచి వెళ్ళి మొదటి రాత్రే అక్కడ పడుకోవద్దు. మేం నాలుగో రోజు వెళ్ళినా అమ్మకు రాత్రంతా తలనొప్పి.

ఫోన్ చేసినప్పుడు రిసెప్షన్ వాళ్ళను "వ్యూ ఉందా?" అని అడగకండి, అందరూ ఉందనే అంటారు. సాయంత్రం నాలుగుకు ఆ గది కిటికీ నుంచి ఒక ఫొటో వాట్సాప్‌లో పెట్టమనండి. కారు ఆగే చోటి నుంచి గది దాకా ఎన్ని మెట్లు, జనవరిలో ఆ చివరి రోడ్డు గడ్డకడితే సామాను ఎవరు తెస్తారు, కరెంటు పోతే హీటర్ పనిచేస్తుందా, ఇవి అడగండి. నగ్గర్ ఇంటాయన నేను అడిగిన పావుగంటలో ఫొటో పంపాడు, మెట్లు లెక్కపెట్టి పదకొండు అని రాశాడు. వచ్చే మే నెలకు అదే గది, తొమ్మిది రాత్రులు, అడ్వాన్స్ కట్టేశాను.